కుర్చీ దాకా అడవి

ముద్దాడ సన్నిబాబుకి పర్యావరణ శాఖ దక్కిన సంగతి ఆయన కంటే ముందు ఆయన డ్రైవరుకి తెలిసింది. వాడు ఫోను చూసుకుని, వెనక్కి తిరిగి, "మనకి గాలీ నీరూ ఇచ్చార్సార్" అన్నాడు, చావు కబురు చెప్పినంత మెల్లగా. రోడ్లూ భవనాలూ వస్తాయని గంపెడాశతో ఉన్న సన్నిబాబు కాసేపు కిటికీలోంచి రోడ్లనీ భవనాలనీ చూశాడు. తర్వాత, "పోన్లే, నా చదువుకి గాలీ నీరే ఎక్కువ" అనుకున్నాడు. అందులో వినయమేమీ లేదు. ఇంటర్లో వృక్షశాస్త్రం తప్పి, ఆ సంగతి ఇంట్లో చెప్పలేక పార్టీ ఆఫీసులో పడుకోవడం మొదలుపెట్టి, పడుకున్నచోటే నాయకుడైన మనిషి ఆయన.

ఆ రోజే శాస్త్ర సాంకేతిక శాఖ భావనారుషి గారికి వచ్చింది. ఆయన మీద బల్లి పడితే, పడిన ఫలితం పంచాంగంలో చూసుకోకుండా స్నానం కూడా చెయ్యరు. ఆరోగ్య శాఖ చంద్రకళావతి గారికి వచ్చింది. ఆవిడకి జిల్లా నిండా మిఠాయి దుకాణాలున్నాయి. అక్కడ ఎవరికి చక్కెర జబ్బు వచ్చినా అందులో ఆవిడ చెయ్యి ఉంటుందని గిట్టనివాళ్ళు అనేవారు. ముగ్గురికీ సచివాలయంలో ఒకే అంతస్తులో వరసగా మూడు గదులు ఇచ్చారు. వాళ్ళిద్దరినీ చూశాక సన్నిబాబుకి తన అర్హతల మీద కొంచెం ధైర్యం వచ్చింది.

పదవి వచ్చాక పని వెతుక్కునే మంత్రులే ఎక్కువ. సన్నిబాబుకి మాత్రం పని ముందే ఉంది. ఆయన నియోజకవర్గంలో గెడ్డవలస అనే ఊరుంది. ఊరి పక్కన గెడ్డ ఉంది, చిన్నపాటి వాగు. గెడ్డకి ఎగువన రంగుల కంపెనీ ఉంది. గెడ్డలో నీళ్ళు ఎర్రగా పారితే కంపెనీలో ఎరుపు కలుపుతున్నారనీ, పచ్చగా పారితే పచ్చరంగుకి గిరాకీ వచ్చిందనీ ఊళ్ళో చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. ఆ పిల్లల కాళ్ళ నిండా పుళ్ళు. తల్లి పోయాక సన్నిబాబుని పెంచిన పెద్దప్ప, అంటే పెద్దక్క, పైడమ్మ ఆ ఊళ్ళోనే ఉంటోంది. ఓట్ల రోజుల్లో ఆవిడ తల మీద చెయ్యి వేసి, "నేను మంత్రినైతే నా తొలి సంతకం మీ గెడ్డ మీదే" అని సన్నిబాబు ఒట్టేశాడు. మంత్రి అవుతానన్న నమ్మకం లేదు కాబట్టి ఒట్టు వెయ్యడానికి అప్పట్లో పెద్దగా బెంగ పడలేదు.

ఇప్పుడు చూస్తే సరిగ్గా ఆ శాఖే వచ్చి ఒళ్ళో పడింది. పేషీలో ఆయన ఆంతరంగిక కార్యదర్శి విశ్వపతి, ఏ మాటయినా వేడి పాలు ఊదినట్టు ఊది చెప్పే మనిషి, విషయం వివరించాడు.

"కంపెనీ అనుమతి ఈ నెలాఖరుతో అయిపోతుంది సార్. తమరు వద్దని సంతకం చేసి, ఆ ఉత్తర్వు కంపెనీకి అందితే ఆగిపోతుంది. ఏమీ అనకపోతే ఐదేళ్ళు దానంతటదే పొడిగింపు అవుతుంది. మౌనం అర్ధాంగీకారం అంటుంది లోకం. మన శాఖలో పూర్తి అంగీకారం."

"తే, ఇప్పుడే పెట్టేస్తాను."

"తమరింకా బాధ్యతలు స్వీకరించలేదు సార్. ప్రమాణం చేస్తే మంత్రి అవుతారు. తమకు కేటాయించిన కుర్చీలో ఆసీనులైతేనే ఈ శాఖకి మంత్రి అవుతారు. దానికి వచ్చే గురువారం ముహూర్తం పెట్టారు."

"ఎవరా పెట్టింది?"

"తమ సిద్ధాంతి గారే సార్. తమరే పిలిపించారు."

ఇంక ఎవరినీ తిట్టడానికి వీల్లేకపోయింది. గురువారానికి, నెలాఖరుకి మధ్య బోలెడు వ్యవధి ఉందని సర్దిచెప్పుకుని సన్నిబాబు బయటికి వచ్చాడు. బయట టీవీ వాళ్ళు మైకులు పెట్టారు. మైకు చూస్తే ఆయన నోరు ఆయన మాట వినదు. పూలదండలకి బదులు పలకలు తెమ్మన్న మంత్రినీ, దుప్పట్లు తెమ్మన్న మంత్రినీ ఆయన పేపర్లో చూసి ఉన్నాడు. ఆ ఊపులో, "నాకు పూలగుత్తులు వద్దు. శాలువాలు వద్దు. నన్ను చూడ్డానికి వచ్చేవాళ్ళు ఒక్క మొక్క తెండి. నా గదే ఒక అడవి కావాలి!" అనేశాడు. చివరి మాట అనుకుని అన్నది కాదు, దానంతటదే వచ్చింది. చప్పట్లు పడ్డాయి. అందుకని ఇంకోసారి అన్నాడు.

మర్నాడు తులసి మొక్కలూ గులాబీ మొక్కలూ వచ్చాయి. మంత్రిగారు ఇంకా గదిలో అడుగు పెట్టలేదు కనక ఖాళీగా ఉన్న ఆ గదిలోనే సర్దారు. అక్కడితో ఆగితే అది రాజకీయం ఎందుకవుతుంది? ఒక మండలాధ్యక్షుడు కొబ్బరి మొక్క తెచ్చాడని తెలిసి, ఆయనంటే పడని ఇంకో అధ్యక్షుడు గెలతో సహా కొబ్బరిచెట్టునే లారీ మీద వేసుకొచ్చాడు. ఒక కాంట్రాక్టరు టేకు తెచ్చాడు. ఇంకొకాయన వెదురు పొదని తెచ్చి, "ఇది రోజూ పెరుగుతుంది సార్, మా అభిమానం లాగ" అని చీటీ రాసి దానికి తగిలించి వెళ్ళాడు. అందరికంటే పెద్ద చెట్టు రంగుల కంపెనీ నుంచి వచ్చింది. కాపుకొచ్చిన నేరేడు చెట్టుని సిమెంటు తొట్టిలో పెట్టి, కిటికీ చట్రం ఊడదీసి, క్రేనుతో లోపలికి దించి, సరిగ్గా మంత్రిగారి కుర్చీ ముందు నిలబెట్టి పోయారు. తొట్టి మీద కంపెనీ పేరు బంగారు రంగులో రాసి ఉంది.

గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు మంత్రిగారి మాటని ఆజ్ఞగా తీసుకుని, మొక్క లేనిదే మనిషిని లోపలికి వదలడం మానేశారు. పింఛను కోసం వచ్చిన ముసలివాళ్ళు కూడా చేతిలో బంతిమొక్క పట్టుకుని రావలసి వచ్చింది.

గురువారం వేదపండితులతో, బాజాలతో సన్నిబాబు వచ్చి తలుపు నెట్టాడు. తలుపు సగమే తెరుచుకుంది. ఒక అరటాకు వచ్చి ఆయన మొహం మీద కొట్టింది. లోపల పచ్చటి చీకటి తప్ప ఏమీ లేదు.

"కుర్చీ ఏదయ్యా?"

"లోపలే ఉండాలి సార్" అన్నాడు విశ్వపతి, నమ్మకం లేకుండా.

అనుచరులు చొక్కా చేతులు పైకి మడిచి, "నాలుగు తొట్లు బయట పారేస్తే సరి" అంటూ దూకారు. "ముట్టుకోకండి!" అని వెనకనుంచి ఒక కేక వినబడింది. అటవీ శాఖలో పెద్ద అధికారి త్రిభువనరావు, ఇస్త్రీ యూనిఫారంలో వచ్చి సెల్యూట్ చేశాడు. జీవితంలో ఒక్క నిబంధన కూడా తప్పలేదన్నది ఆయన గర్వం.

"సార్, నిర్ణీత సాంద్రతకు మించి వృక్షజాతి నెలకొని ఉన్న ఏ ప్రదేశమైనా, అది ఎవరి స్వాధీనంలో ఉన్నప్పటికీ, అడవిగా పరిగణించబడుతుంది. తమ గది పరిగణించబడింది."

"ఎవరయ్యా పరిగణించింది?"

"నేనే సార్. నిన్న కొలిపించాను. తమ ఆకాంక్ష కూడా అదేనని టీవీలో విన్నాను."

"సరే, ఈ మొక్కలు జరపాలంటే ఏం చెయ్యాలి?"

"శాఖా మంత్రిగారి అనుమతి కావాలి."

"మంత్రిని నేనే కదా?"

"తమరు ఆసీనులయ్యాక సార్. ఆసీనులు కానిదే అనుమతి ఇవ్వలేరు. అనుమతి లేనిదే దారి చెయ్యలేం. దారి లేనిదే ఆసీనులు కాలేరు." ఈ మాట చెబుతున్నప్పుడు ఆయన మొహంలో మంచి సంగీతం విన్నవాడి తృప్తి కనిపించింది.

"వరండాలో ఇంకో కుర్చీ వేసుకుని కూర్చోనా?" అని సన్నిబాబు విశ్వపతిని అడిగాడు.

"ఉత్తర్వులో కుర్చీ నంబరు కూడా ఉంటుంది సార్. పూర్వం ఒకాయన తొందరపడి మెట్ల కింద వేరే కుర్చీలో కూర్చుని బాధ్యతలు స్వీకరించారు. ఇప్పటికీ ఆయన్ని అందరూ మెట్ల కింద మంత్రి అనే అంటారు."

ముహూర్తం దాటిపోయింది. బాజాలవాళ్ళు భోజనానికి వెళ్ళిపోయారు. సాయంత్రం పైడమ్మ ఫోను చేసి, "ఒరే సన్నీ, సంతకం అయిపోనాదా?" అని అడిగింది. "అవుతుందప్పా, గది సర్దుతున్నారు" అన్నాడు. అబద్ధం చెప్పినందుకు కాదు, ఆ అబద్ధాన్ని ఆవిడ వెంటనే నమ్మినందుకు ఆయనకి సిగ్గేసింది.

పక్కగది భావనారుషి గారు జరిగింది విని చలించిపోయారు. "సైన్సు ఉండగా బెంగ ఎందుకు సోదరా? కుర్చీని డ్రోనుతో పైకి లేపి, కొమ్మల మీదుగా తలుపు దగ్గరికి తెప్పిస్తాను" అన్నారు. పెద్ద డ్రోను వచ్చింది. ఎగరేసే ముందు దానికి పూజ చేయించి, బొట్టు పెట్టించి, దిష్టి తగలకుండా నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టించారు. ఆ దారం రెక్కకి చుట్టుకుని డ్రోను వెళ్ళి నేరేడు కొమ్మల్లో ఇరుక్కుంది. నిమ్మకాయ కట్టకపోయి ఉంటే ఇంకా ఘోరం జరిగేదని భావనారుషి గారు ప్రకటించారు. తర్వాత దానిమీద ఒక పిచిక గూడు కట్టింది. ఇంక డ్రోనుని కూడా ముట్టుకోవడానికి వీల్లేదని త్రిభువనరావు బోర్డు తగిలించాడు.

తొట్లలో నిలిచిన నీళ్ళలో దోమలు పుట్టాయి. దోమలకి శాఖల హద్దులు తెలియవు కదా, ఆరోగ్య శాఖ పేషీలో సగంమంది జ్వరంతో మంచం పట్టారు. చంద్రకళావతి గారు పొగమందు యంత్రం మోయించుకుని తుఫానులా వచ్చారు.

"మేడమ్, అడవిలో పొగ పెట్టడం నేరం" అన్నాడు త్రిభువనరావు. "పైగా ఈ దోమలిప్పుడు వన్యప్రాణులు."

"మీ వన్యప్రాణులు మా వాళ్ళని కుడితే?"

"మానవ, వన్యప్రాణి సంఘర్షణ కింద నష్టపరిహారానికి దరఖాస్తు చేసుకోవచ్చు మేడమ్."

ఆవిడ ఓడిపోయే మనిషి కాదు. వరండాలోనే 'అటవీ ప్రాంత జ్వర శిబిరం' తెరిచి, రోగికో దోమతెర, తన దుకాణం లడ్డూ రెండేసి పంచిపెట్టారు. మూడు శాఖలూ ఇంత సమన్వయంతో పనిచేయడం మునుపెన్నడూ చూడలేదని పేపర్లు రాశాయి. పైనుంచి అభినందన సందేశం వచ్చింది. సన్నిబాబు పేషీని ఆదర్శ పేషీగా ప్రకటించి, మిగతా మంత్రులు కూడా వచ్చి చూసి నేర్చుకోవాలని అందులో రాశారు. మిగతా మంత్రులు వచ్చారు, చేతుల్లో తలో మొక్కతో.

సన్నిబాబు మాత్రం వరండాలో జ్వరం రోగుల పక్కన ఒక స్టూలు మీద కూర్చునేవాడు. అయ్యవారిని చెయ్యబోతే కోతి అయిందంటారు. ఇక్కడ కోతి కూడా తానే అయ్యాడు. ఒకరోజు కొత్తగా వచ్చిన నర్సు ఆయన చేతిలో రెండు మాత్రలు పెట్టి, "తాతగారూ, మింగేయండి" అంది. తాను మంత్రినని చెబితే జ్వరం తలకెక్కిందని ఇంజెక్షన్ చేస్తుందేమోనని భయపడి, నోరు మూసుకుని మింగేశాడు. ఆ రాత్రి ఆయనకి నిద్ర పట్టలేదు. గెడ్డవలస పిల్లల కాళ్ళు కళ్ళ ముందు ఆడాయి. వాళ్ళకీ సంతకానికీ మధ్య ఉన్నది చట్టం కాదు, త్రిభువనరావు కూడా కాదు, మైకు ముందు ఆగని తన నోరేనని స్పష్టంగా తెలిసింది.

నెలలో ఆఖరి రోజు వచ్చింది. మధ్యాహ్నం గేటు నుంచి ఫోను. ఎవరో ఆడమనిషి గొడవ చేస్తోందని, మంత్రిగారి అప్పని అంటోందని చెప్పారు. సన్నిబాబు పరుగెత్తాడు. గేటు దగ్గర పైడమ్మ ఒక మట్టికుండని చంకన పెట్టుకుని నిలబడి ఉంది. కుండలో ఎండి నల్లబడ్డ వంగమొక్క ఉంది.

"బతికున్న మొక్క అయితేనే లోపలికి సార్. ఇది చచ్చిపోయింది" అని గార్డు సంజాయిషీ చెప్పాడు.

"మా గెడ్డ నీల్లు పోసి పెంచినాను బాబూ. ఆ నీల్లకి ఇలగే వొస్తాది" అంది పైడమ్మ. "మా తమ్ముడు మొక్కలు తెమ్మన్నాడంట, టీవీలో సెప్పినారు. నాకాడ ఉన్నది ఇదే."

సన్నిబాబు ఆ కుండ తాను అందుకుని, తలెత్తకుండా ఆవిడని పైకి తీసుకొచ్చాడు. వరండాలో పైడమ్మ ఆ మంచాలనీ, దోమతెరలనీ, తలుపు సందులోంచి బయటికి పాకుతున్న వెదురునీ చూసింది.

"నీ కుర్చీ ఎక్కడరా?"

"ఆ నేరేడు చెట్టు వెనకాల, అప్పా."

"ముహూర్తమన్నావు, సరే అన్నాను. గది సర్దుతున్నారన్నావు, సరే అన్నాను. ఈ సాయంత్రంతో గడువు అయిపోతాదంట కాదేటి? పిల్లలు రేత్రంతా కాల్లు గోక్కుని ఏడుస్తన్నారు. ఊరికెల్లి నానేటి సెప్పాలిరా?"

"దారి లేదప్పా. చెట్టు జరపకూడదు, కొమ్మ విరవకూడదు."

"నీకా దారి నేదు? నాన్న కొడతాడని కంచె కింద నుంచి పందిపిల్లలాగ దూరి పారిపోయేవోడివి. మంత్రివైనాక నడుం వొంగడం మానేసినాదేటి?"

వరండాలో జ్వరంతో పడుకున్నవాళ్ళు కూడా నవ్వారు. సన్నిబాబు నవ్వలేదు. పంచె ఎగ్గట్టి, చొక్కా జేబులో కలం దోపి, గెడ్డవలస ఫైలు పళ్ళతో కరిచి పట్టుకుని, తలుపు దగ్గర నాలుగు కాళ్ళ మీద వాలాడు. పర్యావరణ మంత్రి తన శాఖలోకి ప్రవేశించడం ప్రారంభించాడు. టేకు తొట్టికి బొజ్జ తగులుకుంది. ఊపిరి బిగబట్టి లాక్కున్నాడు. అన్నేళ్ళుగా తిన్న విందులన్నీ వెదురు దగ్గర ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. నేరేడు చెట్టు వేళ్ళ మీదుగా కుర్చీ కాళ్ళు పట్టుకుని లేచి, దుమ్ము కూడా దులపకుండా కూర్చున్నాడు. బాజాలు లేవు, చప్పట్లు లేవు. దోమ ఒకటి చెవిలో పాడింది. ఆయన సంతకం పెట్టాడు.

"అయిపోయిందప్పా!" అని లోపలినుంచి అరిచాడు.

బయట త్రిభువనరావు అప్పటికే టార్చి వేసి పరిశీలించాడు. "కొమ్మ విరగలేదు, ఆకు రాలలేదు. తమ ప్రవేశం చట్టబద్ధమే సార్. తమరిప్పుడు శాఖా మంత్రి. అభినందనలు" అని గట్టిగా చెప్పాడు. సన్నిబాబుకి ఆనందంతో కళ్ళనీళ్ళు తిరిగాయి. "అయితే సార్, ఆ కాగితంతో బయటికి రావడానికి వీల్లేదు."

"ఏం?"

"కాగితం కలప నుంచి పుడుతుంది. అడవి నుంచి బయటికి వచ్చే కలప సంబంధమైన వస్తువు ఏదైనా అటవీ ఉత్పత్తే. రవాణా పర్మిట్ కావాలి."

"దీన్ని లోపలికి తెచ్చింది నేనే కదయ్యా!"

"తెచ్చినప్పుడు కాగితం సార్. తీసుకెళ్ళేటప్పుడు అటవీ ఉత్పత్తి."

"సరే, ఇప్పుడు మంత్రినే కదా, ఆ పర్మిట్ నేనే రాసిస్తాను."

"ఆ పర్మిట్ కూడా కాగితమే సార్."

"ఫోనులో ఫొటో తీసి కంపెనీకి పంపితే?"

"చెల్లదు సార్" అని విశ్వపతి బాధగా ఊదాడు. "అసలు ఉత్తర్వు గానీ, అధికారి ముద్ర వేసిన నకలు గానీ అందాలి."

అప్పుడు ఆ కుర్చీలో సన్నిబాబు ఒంటరిగా కూర్చుని ఆలోచించాడు. ఇంటర్ తప్పినప్పటి నుంచి అంత ఆలోచించి ఎరగడు. చివరికి ఆ కాగితాన్ని మడిచి, బనీను లోపల పొట్టకి అంటించుకుని, చొక్కా బొత్తాలన్నీ పెట్టుకుని, మళ్ళీ నాలుగు కాళ్ళ మీద బయల్దేరాడు. గుమ్మం దాటి లేచి నిలబడి, అమాయకంగా పైడమ్మ వైపు నడిచాడు. పొట్ట దగ్గర కాగితం ఫెళఫెళలాడింది. ఇద్దరు అటవీ గార్డులు ఆయన రెక్కలు పట్టుకున్నారు.

"క్షమించండి సార్" అన్నాడు త్రిభువనరావు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. "అడవి దొంగతనం. కేసు రాయక తప్పదు."

పంచనామాకి పెద్దమనుషులైన సాక్షులు కావాలి. పక్కగదుల్లోంచి భావనారుషి గారినీ, చంద్రకళావతి గారినీ పిలిచారు. ఆయన రాహుకాలం లేదని చూసుకుని సంతకం పెట్టారు. ఆవిడ సంతకం పెట్టి, ముద్దాయికి ఒక లడ్డూ ఇచ్చారు. జప్తు చేసిన వస్తువుని వర్ణించాలి కాబట్టి త్రిభువనరావు ఆ ఉత్తర్వుని మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా రాయించాడు. జప్తు వస్తువుతో సంబంధమున్న ప్రతివాళ్ళకీ ముద్ర వేసిన నకలు ఆ పూటే అందజేసి, రసీదు తీసుకోవాలని వాళ్ళ నిబంధన. ఉత్తర్వులో రంగుల కంపెనీ పేరుంది. నిబంధన తప్పితే త్రిభువనరావుకి అన్నం సహించదు. వెంటనే జీపు పంపించాడు.

పొద్దు వాలేసరికి సన్నిబాబు అటవీ శాఖ ఆఫీసు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. దొంగతనం కేసు ఉన్న మంత్రి నైతిక బాధ్యత వహించాలని పైనుంచి ఫోను వచ్చింది. వహించాడు. కాసేపటికి విశ్వపతి వచ్చి, చెవి దగ్గర వంగి, ఊదకుండానే చెప్పేశాడు.

"సార్, ముద్ర వేసిన నకలు కంపెనీకి అందింది. వాళ్ళ మేనేజరు రసీదు మీద సంతకం పెట్టాడు. గడువు లోపలే. ఇంక గెడ్డలోకి రంగునీళ్ళు వదిలే గొట్టం మూసెయ్యాల్సిందే."

పైడమ్మ గుడ్డ మూట విప్పి, తెచ్చిన చద్దన్నం ముద్ద చేసి ఆయన చేతిలో పెట్టింది.

"పదవి పోనాదంట కదరా?"

"పోయిందప్పా. కూర్చున్నది ఒక గంట కూడా కాలేదు."

"గెడ్డలోకి మరి రంగునీల్లు రావు కదా?"

"రావు."

ఆవిడ ఇంకో ముద్ద చేస్తూ కాసేపు తమ్ముణ్ణి ఎగాదిగా చూసింది. మట్టి కొట్టుకున్న మోకాళ్ళు, చిరిగిన మోచేతులు, దోమలు కుట్టి ఉబ్బిన మొహం.

"ఒరే సన్నీ, మంత్రిగా ఒక్క పూటా పనికి రానేదు గానీ, దొంగగా బాగా పనికొచ్చినావురా" అంది.

సన్నిబాబుకి ఎన్నో సన్మానాలు జరిగాయి, ఎన్నో సన్మానపత్రాలు చదివారు. వాటిలో ఒక్కటీ నిజం కాదని చదివినవాళ్ళకీ తెలుసు, విన్న తనకీ తెలుసు. ఇప్పుడు మొదటిసారి, పొగిడినవాళ్ళ మొహంలోకి సూటిగా చూడగలిగాడు.

"నిజమేనప్పా" అని, రెండో ముద్దకి చెయ్యి చాపాడు.